నల్లగొడుగు కింద లెక్కల మేడమ్

మొన్న కంటి పరీక్ష కోసం నంద్యాల వెళ్లాను. ఆటో కోసం చూస్తూ బస్టాండు బయట ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కింద నిలబడ్డాను. నీడ ఉంది కాబట్టి నిలబడ్డానే తప్ప దాన్ని చదవాలని కాదు. అందులో ఒక గులాబీరంగు ముఖం ఉంది. వెనక మంచుకొండలు, కొండల కింద ఎర్రటి పూలతోట, పైన రెండు తెల్ల పావురాలు. నంద్యాల ఎండల్లో చనిపోయినవాళ్లకు ఫ్లెక్సీ షాపులవాళ్లు తప్పకుండా మంచుకొండలు ఇస్తారు. దయతోనే ఇస్తారనుకుంటాను.

ముఖం ఎవరిదో తెలియలేదు. కింద పేరు చదివాను. తెలిసిన పేరే. మళ్లీ ముఖం చూశాను. తెలియని ముఖమే. పేరు పక్కన ‘రిటైర్డ్ లెక్కల టీచర్’ అని ఉంది. అది చదివాక పక్కనే ఉన్న టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను.

ఆ పేరు ఇక్కడ రాయను. తన పేరుకు ఇంకెవరిదో ముఖం పడడం ఆమెకు ఇది రెండోసారి. మూడోసారి నా చేతుల మీదుగా జరగకూడదు.

ముప్పై రెండేళ్ల కిందట ఆళ్లగడ్డలో మేమిద్దరం ఒకే హైస్కూల్లో పనిచేశాం. ఆమె లెక్కల టీచరు, నేను డ్రాయింగు మాస్టరును. ఆమెకు నలభై ఏళ్లు, నాకు ముప్పై. బడిలో ఆమె పీరియడంటే భయం, నా పీరియడంటే ఆటలు. ఆమె పెళ్లి చేసుకోలేదు. మనిషి పొడుగు, నలుపు. చేతిలో ఎప్పుడూ వంకీ పిడి ఉన్న నల్లటి మగవాళ్ల గొడుగు ఒకటి ఉండేది. వానాకాలం, ఎండాకాలం అని తేడా లేదు. క్లాసులో బోర్డు మీద తప్పు చూపించడానికి కూడా ఆ గొడుగే వాడేది. గొడుగు మొన తన లెక్క దగ్గర ఆగిందంటే ఆ పిల్లవాడు అప్పుడే చాక్‌పీసు కింద పెట్టేసేవాడు.

ఆమెకు ఒక మాట ఊతపదం. “స్టెప్పులు యాడ?”

జవాబు సరిగ్గా వచ్చినా, మధ్యలో మెట్లు రాయకపోతే ఆమె మార్కు వేయదు. ఈ పద్ధతిని ఆమె బడి గేటు దగ్గర వదిలి వెళ్లేది కాదు. హెడ్మాస్టరు స్టాఫ్ మీటింగులో “ఈ ఏడు మన బడి జిల్లాలోనే ముందుంటుంది” అంటే, చివరి కుర్చీలోంచి “స్టెప్పులు యాడ సార్?” అని వినపడేది. ఒక ఆదివారం పాస్టరుగారి ప్రసంగం ఎర్రసముద్రం దగ్గర మొదలై నేరుగా చర్చి ప్రహరీగోడ చందాకు చేరుకున్నప్పుడు, ముందు వరసలోంచి ఆమె అదే మాట అన్నదట. మెల్లగానే అన్నదట. కానీ లెక్కల టీచర్ల గొంతుకు మెల్లగా అనేది ఎక్కడుంటుంది?

నేను అప్పటికి ఫైనార్ట్స్ డిప్లొమా పూర్తిచేసి వచ్చి కొద్ది కాలమే అయింది. మా నాయన నంద్యాలలో షాపులకు బోర్డులు రాసేవాడు. ఎర్ర అక్షరానికి నల్ల నీడ, పచ్చ అక్షరానికి నల్ల నీడ. నీడంటే నలుపు, అందులో ఆయనకు రెండో మాట లేదు. నేనేమో కాలేజీ నుంచి ఒక పాత రంగుల పుస్తకం పట్టుకొచ్చాను. ఫ్రాన్సు చిత్రకారులు స్టూడియోలు వదిలేసి ఆరుబయట కూర్చుని వేసిన బొమ్మలు అందులో ఉండేవి. గడ్డిలో తెల్లగౌన్లు వేసుకున్న ఆడవాళ్లు, చేతుల్లో పల్చటి గొడుగులు, వాటిలోంచి వడకట్టినట్టు దిగే ఎండ. నీడలు నీలం, ఊదా, ఆకుపచ్చ. పుస్తకమంతా వెతికినా నలుపు లేదు. ఆళ్లగడ్డలో నేను కూడా అలాంటి బొమ్మ వేసి మా నాయనకు బుద్ధి చెప్పాలని నిశ్చయించుకున్నాను.

దానికి ఎండలో కూర్చునే స్త్రీ కావాలి. మా ఆవిడను అడిగితే “నాకేం పిచ్చా?” అంది. నేను స్టాఫ్ రూంలో ఆ పుస్తకం ముందేసుకుని దిగాలుగా ఉండగా లెక్కల మేడమ్ వచ్చి, గొడుగు గోడకు ఆనించి, పేజీలు తిప్పింది.

“వీళ్లంతా ఏం పన్లేనోళ్లా?” అని అడిగింది.

“మోడల్స్ మేడమ్. బొమ్మ కోసం కూచుంటారు. నాకు ఈడ ఒక్కరూ దొరకలా.”

ఆమె ఇంకో రెండు పేజీలు తిప్పింది. “నేను కూచుంటే నన్ను తెల్లగ జేస్తావా?”

“చేయను మేడమ్.”

“మాట చెప్పేది అందరూ చెప్తారు. ఎట్లేస్తావో స్టెప్పులు చెప్పు.”

చెప్పాను. వెలుగు ముఖం మీద నేరుగా పడుతుంది, పక్కనున్న వస్తువుల మీద పడి తిరిగి కూడా వస్తుంది. నీడలోనూ రంగు ఉంటుంది. ఏది కనపడితే అది వేస్తాను, ఏది అనుకుంటే అది కాదు. ఆమె అంతా విని, “సరే. ఆదివారం చర్చి నుంచి వచ్చినాక. నా పేపర్లు నేను దిద్దుకుంటా, నన్ను కదలొద్దని చెప్పాకు” అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం దాటాక బడి వెనక కాలువ గట్టు మీదికి ఆమె చర్చికి కట్టుకున్న తెల్లచీరలోనే వచ్చింది. అంతవరకు నా పుస్తకంలో లాగానే ఉంది. కానీ గొడుగు ఆ నల్లటిదే. నేను పల్చటి తెల్లగొడుగు ఒకటి అరువు తెచ్చి పెట్టుకున్నాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది నీడనిస్తాదా, మొగమాటానికి ఉండాదా?” అని నాకే తిరిగి ఇచ్చింది. వాళ్ల ఊళ్ల ఎండ వేరు, మన ఎండ వేరు. పుస్తకంలో ఆ సంగతి రాయలేదు.

నల్లగొడుగు కింద పైనుంచి వెలుగు దిగదు. ఇక బొమ్మ చెడిందనే అనుకున్నాను. కాసేపటికి గమనించాను. ఆమె ముఖానికి వెలుగు కిందినుంచి వస్తోంది. గట్టు కింద వరిపైరు మీద పడిన ఎండ ఎగిరి వచ్చి ఆమె గడ్డం కింద ఆకుపచ్చగా ఆగింది. కాలువ నీళ్ల మెరుపు ఆమె చీర మడతల్లో నీలంగా కదులుతోంది. సాయంత్రపు ఎండ గొడుగు అంచు కిందినుంచి దూరి ఎడమ చెంప మీద మాత్రం అరచేతి మేర పడింది. మిగిలిన ముఖమంతా ఊదా, ఎరుపు కలిసిన గోధుమరంగు. దాన్ని నలుపు అని ఎవరు అన్నారో వాళ్లు ఒక్కసారీ చూడలేదు.

మూడో ఆదివారం ఆమె లేచి వచ్చి బొమ్మ చూసింది.

“నా గడ్డానికి పచ్చ ఏందప్పా?”

“పైరు రంగు మేడమ్. ఎండ దాని మీద పడి మీ మీదికి వస్తాంది.”

“నిరూపించు.”

నాకు ఏం చేయాలో తోచలేదు. ఆమే ఒక జవాబు పత్రం తీసి, రాయని వైపు తిప్పి, గట్టు అంచున కూర్చుని పైరు మీదికి వంచి పట్టుకుంది. తెల్లకాగితం లేతపచ్చగా అయింది. పైకెత్తింది, తెల్లన. దించింది, పచ్చన. నాలుగైదుసార్లు అలా చేసి, “ఒప్పుకుంటాండా” అని వెళ్లి గొడుగు కింద కూర్చుంది. నా రంగుల సిద్ధాంతానికి ఆళ్లగడ్డలో అదే మొదటి ఆమోదం. చివరిది కూడా.

కూర్చున్నప్పుడే ఒకసారి, పేపర్లలోంచి తలెత్తకుండా, ఫొటోలంటే తనకెందుకు పడదో చెప్పింది. వయసులో ఉండగా పెళ్లిచూపులకోసం నంద్యాలలో ఒక స్టూడియోలో ఫొటో తీయించారట. స్టూడియో ఆయన మంచివాడు. పిల్ల పెళ్లి కావాలని దిద్ది దిద్ది పాలవంటి రంగు తెచ్చాడు. ఆ ఫొటో చూసుకుని పెళ్లివారు వచ్చారు. ఈమె కాఫీలు తెచ్చి నిలబడితే, పెళ్లికొడుకు తల్లి గ్లాసు అందుకుని, “ఇంగ పిల్లను పిల్చండమ్మా” అన్నదట.

“మీరేమన్నారు మేడమ్?”

“నేనే పిల్లను, ఆ ఫొటోలో ఉండేది ఎవురో నాకూ తెల్దు అన్న్యా.” ఒక పేపరు మీద సున్నా చుట్టింది. “కాఫీ మాత్రం అందరూ తాగిపోయినారు.”

నవ్వాలో వద్దో తెలియక నేను కుంచె కడుక్కున్నాను. ఆమె మాత్రం నవ్వింది.

పదకొండు ఆదివారాలు పట్టింది. ఈలోగా పైరు పండి పచ్చదనం పోయింది. “నా గడ్డం ఇంకా పచ్చగానే ఉండాదే, కోతలు గూడా అయిపోతాండాయి” అని ఆమె గుర్తుచేసింది. బొమ్మలో కాలం ఆగుతుందని ఏదో గొప్పగా చెప్పబోయాను. ఆమె గొడుగు మొన కొద్దిగా కదిలేసరికి ఆపేశాను.

బొమ్మను స్టాఫ్ రూంలో పెట్టాం. హెడ్మాస్టరు చాలాసేపు చూసి, “మేడమ్‌కు కామెర్లు వచ్చినప్పుడు ఏసినారా?” అన్నారు. మా నాయన నంద్యాల నుంచి పనిగట్టుకుని వచ్చి చూసి, “నల్లరంగు అయిపోయిందారా? చెప్పింటే నేను తెచ్చేవాణ్ని గదా” అని నిజంగానే బాధపడ్డాడు. పోతూ పోతూ, బొమ్మ పాడుకాకుండా తన బోర్డులకు వాడే వార్నీషు డబ్బా ఒకటి నాకిచ్చాడు. నేను రెండు పూతలు వేశాను. ఆ వార్నీషు సంగతి తర్వాత వస్తుంది.

మేడమ్ బొమ్మను తన ఇంట్లో ముందుగదిలో తగిలించింది. వచ్చినవాళ్లు “ఏందమ్మా ఈ రంగులు?” అని అడగడం, ఆమె ఒక తెల్లకాగితం ఇచ్చి వాళ్లను పెరట్లో మొక్కల మీదికి వంచడం రివాజయింది. బంధువులు రావడం తగ్గించారు. బళ్లోనూ పదో తరగతిని లెక్కల పీరియడ్లో మైదానానికి తీసుకెళ్లి గోడ నీడలో ఏ రంగుందో రాయమనేది. హెడ్మాస్టరు సంజాయిషీ అడిగితే “కోణాలు చెప్తాండా సార్” అంది. అది అబద్ధం కాదు. కోణాలు కూడా చెప్పేది.

ఇక నా సంగతి. ఆ ఒక్క బొమ్మతో పేరొస్తుందనుకున్నాను. పేరు వచ్చింది కూడా. ఊళ్లో ఎవరికి ఏ గోడ మీద ఏం రాయాల్సి వచ్చినా నన్నే పిలిచేవారు. అంగన్‌వాడీలకు నెమళ్లు వేశాను, పోలింగ్ బూత్‌లకు నంబర్లు వేశాను, వార్షికోత్సవాలకు తెరల మీద సూర్యోదయాలు వేశాను. అన్ని సూర్యోదయాల్లోనూ నీడలు నలుపే. త్వరగా అవుతుంది. మేడమ్ రిటైరై నంద్యాలలో తమ్ముడి ఇంటికి చేరాక కూడా, ఎక్కడ కనపడినా “బొమ్మలేస్తాండావా?” అని అడిగేది. “టైం ఉండదు మేడమ్” అనేవాణ్ని. ఆమె తన ఊతపదం కూడా అనేది కాదు. ఊరికే చూసేది. అంతకంటే ఆ మాటే నయం.

రెండేళ్ల కిందట ఒక పొద్దున మా ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి ముందు గొడుగు దిగింది, తర్వాత దుప్పటి చుట్టిన చట్రం, ఆ వెనక నల్లకళ్లద్దాలతో మేడమ్. డెబ్బై ఏళ్ల మనిషి బస్సులో దాన్ని మోసుకొచ్చింది. మంచినీళ్లు కూడా తాగకుండా దుప్పటి విప్పింది.

“నువ్వు నన్ను మోసం జేసినావప్పా.”

“ఏమైంది మేడమ్?”

“నెల కిందట రెండు కండ్లకూ పొర తీయించుకున్యా. కట్టిప్పినంక చూస్తే లోకమంతా కడిగినట్టుండాది. ఆకాశం నీలం, ఇంటి గోడ నీడ గూడా నీలం. దీన్ని చూస్తే పసుపు కొట్టుకపోయిండాది. నా చీరలో నీలం యాడ?”

నాకు బొమ్మ ఎప్పటిలాగే కనపడింది. ఆ మాటే చెప్పాను. ఆమె నా కళ్లలోకి వంగి చూసి, “నీక్కూడా పొర వచ్చిండాది” అని తేల్చింది. తర్వాత బొమ్మ మీద గోటితో మెల్లగా గీసి చూపించింది. గోటి అంచుకు పసుపుపచ్చటి పొట్టు లేచింది. మా నాయన వార్నీషు. ముప్పై ఏళ్లలో అది బెల్లపు పాకంలా మారి బొమ్మంతా కప్పేసింది.

“దీనికీ పొరే” అంది మేడమ్. “ఆపరేషన్ చెయ్.”

పెరట్లో వేపచెట్టు కింద బల్ల వేసి, దూదితో, స్పిరిట్‌తో ఒక మూల నుంచి తుడవడం మొదలుపెట్టాను. ఆమె పక్కన కుర్చీలో కూర్చుని “ఆడ ఇంకా ఉంది, ఈడ చాలు” అని చెబుతూ వచ్చింది. నా కళ్లకు తెలియనిది ఆమె కళ్లు చెబుతుంటే నా చేయి సాగింది. చీర వచ్చింది. కాలువ నీలం మడతమడతలోంచి వచ్చింది. గడ్డం కింద పైరు మళ్లీ పచ్చబడింది. నాకే అంత బాగా కనపడిందంటే ఆమెకు ఎలా కనపడిందో. ఉత్సాహం ఎక్కువై చెంప దగ్గర గట్టిగా రుద్దాను. దూది తీసి చూస్తే దానికి లేత నారింజ రంగు అంటుకుని ఉంది. ఎడమ చెంప మీది ఎండ మొత్తం దూదిలోకి వచ్చేసింది. ఆ చోట ఉత్త కాన్వాసు మిగిలింది.

“మేడమ్, చెడగొట్టినా” అన్నాను.

ఆమె వంగి చూసింది. జీవితంలో ఒక్క చోట తన ముఖం తనదిగా ఉంటే, దాన్ని నేను దూదితో తుడిచేశాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. గొడుగు తీసుకుని లేచింది. వెళ్లిపోతోందనుకున్నాను. వెళ్లి పెరటి గోడ పక్కన ఎండ పడే చోట కుర్చీ వేసుకుని, గొడుగు విప్పి కూర్చుంది.

“రంగులుండాయా?”

ఉన్నాయి. నెమళ్లకు వాడినవి.

“మళ్లా ఏయ్. ఎండ పోతాది, తొందరగా.”

అప్పటికే సాయంత్రమైంది, ఇరవై నిమిషాల ఎండ మిగిలింది. నేను పుస్తకం గురించి కానీ, మా నాయన గురించి కానీ ఆలోచించలేదు. అంత వ్యవధి లేదు. వేస్తూ మధ్యమధ్యలో ఆమెకు చూపించేవాణ్ని.

“పసుపెక్కువైంది. ఎండ పసుపనుకుంటాండావు. పసుపు నీ కంట్లో ఉండాది. తెలుపు కలుపు. ఇంగా. ఇంగొంచెం.”

నాకు అది మరీ పాలిపోయినట్టు కనపడింది. అయినా ఆమె చెప్పినట్టే వేశాను. ఎండ గోడ దాటి పోయేసరికి చెంప పూర్తయింది. అప్పుడు చూసుకున్నాం. బొమ్మలో మనిషికి నలభై ఏళ్లు. ఎడమ చెంప ఒక్కటీ డెబ్బైయేళ్లది. ముడతలు వేయకూడదనుకున్నాను కానీ, కనపడినవి వేయకుండా ఉండలేకపోయాను.

“ఈ చెంపకు వయసెక్కువ” అంది.

“దిద్దుతా మేడమ్.”

“ఉండనీ. రెండు పక్కలా సమానం గావల్లని యాడుంది?”

లెక్కల టీచరు అన్న మాట అది. బొమ్మ ఆరేదాకా మా ఇంట్లో రెండు వారాలు ఉంచుకున్నాను. మళ్లీ ఆమే వచ్చి తీసుకుపోయింది. అదే చివరిసారి చూడడం.

టీకొట్టు బల్ల మీద నుంచి లేచి, కంటి పరీక్ష మాట వదిలేసి, వాళ్ల ఇంటికి వెళ్లాను. సమాధి ముందురోజే అయిపోయింది. ఆదరణ కూడికకు, అంటే ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థనకు, వేసిన కుర్చీలు వాకిట్లో ఖాళీగా ఉన్నాయి. తమ్ముడు నన్ను గుర్తుపట్టి లోపలికి తీసుకెళ్లాడు. ముందుగదిలో కూడా ఆ గులాబీరంగు ముఖమే, దండ వేసి పెట్టారు. బొమ్మ వెనక వసారాలో నీళ్ల డ్రమ్ము పక్కన గోడ వైపు తిరిగి ఉంది.

నాలో ఏదో కోపం లేచింది. “ఇదేం ఫొటో అప్పా?” అన్నాను.

ఆయన ఆ ముఖాన్నే చూస్తూ చెప్పాడు. “ఆధార్ కార్డుది సార్. అక్క ఫొటోలు దిగదు గదా. దాంట్లో కండ్లు తప్ప ఏమీ కనపడ్ల్యా. షాపాయనకు నేనే చెప్పినా, బాగా తెలుపు జెయ్యమని. చిన్నప్పటినుంచీ నల్లది, నల్లది అనిపిచ్చుకునింది సార్ మా అక్క. ఇంట్లో మేమూ అన్న్యాము. పొయ్యేటప్పుడన్నా…” తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

దారి పొడుగునా ఆయనకు చెప్పాలని కూర్చుకున్న మాటలు పక్కన పెట్టేశాను. ఆమెను తెల్లగా చేసినవాళ్లంతా ఆమె మంచి కోరినవాళ్లే. స్టూడియో ఆయన, ఫ్లెక్సీ ఆయన, ఈ తమ్ముడు. ఆయన పక్కన కూర్చుని, వాళ్లు ఇచ్చిన టీ తాగాను.

లేచేటప్పుడు బొమ్మ అడిగాను. “తీస్కపోండి సార్” అన్నాడు తేలికపడినట్టు. “వచ్చినోళ్లంతా అడుగుతారు, చెప్పలేక సస్తాండాం.” తనే పాత దుప్పటి చుట్టి, ఆటో దాకా మోసి, ఎక్కించేముందు దుప్పటి మీదినుంచే ఒకసారి తడిమాడు.

సాయంత్రం ఆళ్లగడ్డ బస్సులో ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుని, బొమ్మను మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాను. శిరివెళ్లలో ఒక ఆమె ఎక్కి నా పక్కన కూర్చుంది. మిరపకోత నుంచి వస్తున్నట్టుంది, కొంగుకూ చేతులకూ కాయల ఘాటు. బస్సు కుదుపులకు దుప్పటి జారింది. ఆమె బొమ్మను చూసింది.

“ఎవురన్నా ఈయమ్మ?”

“మా బళ్లో టీచరమ్మా. చనిపోయింది.”

“అయ్యో” అని ఇంకాసేపు చూసింది. తర్వాత, “ఇట్ల జరుపన్నా, పాపం మొగం మీద ఎండ పడుతాంది” అంటూ ఎడమ చెంపకు తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

చెయ్యి నీడలోనే ఉంది. ఆమె చేతిని చూసుకుంది, నా పక్కనున్న కిటికీ చూసింది. ఎండ బస్సుకు అటువైపు ఉంది. మా వైపు లేదు.

“ఎండలో కూచోబెట్టి ఏసినారా?” అంది నెమ్మదిగా.

“అవునమ్మా.”

“చానాసేపు కూచునుంటాది.”

“చానాసేపే కూచునింది.”

ఆమె జారిన దుప్పటి అంచులు పట్టుకుని పైకి లాగి, భుజాల దాకా చుట్టి, ముఖం మాత్రం కప్పకుండా వదిలింది.